ఒక జాతి భవిష్యత్తు ఎవరి చేతిలో? మాస్ ఎఫెక్ట్ కథల్లో మంచిచెడుల చిక్కుముడి

టుచంకా గ్రహం మీద మేఘాల్లోకి దూసుకుపోయిన ఒక టవర్. చుట్టూ పేలుళ్లు, పైనుంచి రాలిపడుతున్న శకలాలు. మోర్డిన్ సోలస్ అనే ముసలి శాస్త్రవేత్త లిఫ్ట్ వైపు నడుస్తుంటాడు. పైకి వెళ్తే తిరిగి రాడని అతనికీ తెలుసు, మనకీ తెలుసు. అతను వెళ్లి మందును గాలిలోకి వదిలితే, వెయ్యేళ్లకు పైగా కడుపుకోతతో బతుకుతున్న క్రోగన్ జాతికి మళ్లీ పిల్లలు పుడతారు. అతన్ని ఆపాలంటే మన చేతిలో ఉన్న పిస్తోలు ఒక్కటే దారి.

మాస్ ఎఫెక్ట్ వీడియో గేముల్లోని ఈ ఘట్టాన్ని మొదటిసారి ఆడినప్పుడు నేను కాల్చలేదు. రెండోసారి ఇంకో షెపర్డ్‌తో (ఆటలో మనం నడిపే కథానాయకుడి పేరు అది), ఏమవుతుందో చూద్దామని కాల్చాను. మోర్డిన్ అక్కడితో కూలిపోడు. ఆ కంట్రోల్ ప్యానెల్ దగ్గరికి పాకుతూ వెళ్లాలని చూస్తాడు. చేరకుండానే ప్రాణం పోతుంది. కంట్రోలర్ పక్కన పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఒక ఆట నన్ను అంతగా కలచివేయడానికి కారణమేంటో అర్థం చేసుకోవాలని అప్పటి నుంచి ప్రయత్నిస్తున్నాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చిందే. కథలోని మలుపులన్నీ ఇక్కడ బయటపెడుతున్నాను, కాబట్టి ఇంకా ఆడనివాళ్లు ఆడి వచ్చాక చదివితే మంచిది.

కెనడాకు చెందిన బయోవేర్ స్టూడియో మాస్ ఎఫెక్ట్ మొదటి భాగాన్ని 2007లో, రెండోదాన్ని 2010లో, మూడోదాన్ని 2012లో విడుదల చేసింది. మూడింటినీ మెరుగుపరిచి కలిపిన లెజెండరీ ఎడిషన్ 2021లో వచ్చింది. మొదటి భాగంలో మనం తీసుకున్న నిర్ణయాలు సేవ్ ఫైల్‌తో పాటు మూడో భాగం దాకా వస్తాయి. కథ చెప్పాలంటే రెండు ముక్కలు చాలు. ప్రతి 50,000 ఏళ్లకోసారి రీపర్లు అనే రాక్షస యంత్రాలు వచ్చి నాగరికతలన్నిటినీ తుడిచిపెట్టేస్తాయి. ఈసారి వాటిని ఆపాల్సిన బాధ్యత కమాండర్ షెపర్డ్‌ది, అంటే మనది.

ఇలా చెబితే మామూలు గెలాక్సీని కాపాడే కథలాగే ఉంటుంది. ఆడుతూ పోతే మాత్రం అడుగడుగునా ఒకే ప్రశ్న వేషాలు మార్చుకుని ఎదురొస్తుంది. ఒక జాతి ఎలా బతకాలో, అసలు బతకాలో వద్దో, ఇంకొకరు తేల్చవచ్చా? తేల్చే కుర్చీలో ప్రతిసారీ కూర్చునేది మనమే. ఈ సిరీస్‌లోని నైతిక సందిగ్ధత అంతా నాకు ఆ కుర్చీ చుట్టూనే కనిపిస్తుంది.

క్రోగన్ల సంగతి చూడండి. అణుయుద్ధాలతో సొంత గ్రహాన్నే బూడిద చేసుకున్న జాతి అది. రాక్నై అనే పురుగుల్లాంటి జీవులతో గెలాక్సీ యుద్ధంలో ఓడిపోతున్నప్పుడు, సలారియన్లు అనే తెలివైన జాతివాళ్లు వెళ్లి ఈ క్రోగన్లను చేరదీసి, నౌకలిచ్చి, ఆయుధాలిచ్చి యుద్ధంలోకి దించారు. ఎవరూ అడుగుపెట్టలేని రాక్నై గూళ్లలోకి వెళ్లి వాళ్లు గెలిచి చూపించారు. బహుమతిగా కొత్త గ్రహాలు దొరికాయి. ఒక్కో క్రోగన్ స్త్రీ ఏడాదికి వెయ్యి గుడ్ల దాకా పెట్టగలదు. కరుకైన సొంత గ్రహం మీద అందులో ఎక్కువ భాగం చచ్చిపోయేది. పచ్చటి గ్రహాల మీద అన్నీ బతికాయి. జనాభా కట్టలు తెంచుకుంది, పక్కవాళ్ల గ్రహాల మీద పడ్డారు, మళ్లీ యుద్ధం మొదలైంది. అప్పుడు సలారియన్లు జీనోఫేజ్ అనే జన్యు ఆయుధాన్ని తయారుచేశారు. టూరియన్లు అనే మరో జాతి దాన్ని ప్రయోగించింది. ఆ తర్వాత వెయ్యి గర్భాల్లో నిలిచేది సుమారు ఒకటి.

ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే ఉంది కదా? కానీ క్రోగన్లు అమాయకులేం కారు. ఆ దురాక్రమణ నిజం, అందులో చచ్చినవాళ్లు నిజం. తప్పు ఎక్కడ మొదలైందని వెనక్కి వెళ్తే మాత్రం, యుద్ధం నేర్చిన ఒక జాతిని అవసరానికి వాడుకున్న ఆ మొదటి రోజు దగ్గరికే వెళ్లి ఆగుతాం. ‘మేం భయపెట్టడానికే తయారుచేశాం, వాడాలని కాదు’ అన్నది సలారియన్ల వాదన. చేతికొచ్చిన ఆయుధాన్ని వాడకుండా ఎందుకుండాలన్నది టూరియన్ల లెక్క. తయారుచేసిన చెయ్యి, ప్రయోగించిన చెయ్యి వేరు కావడంతో పాపం ఇద్దరి మధ్యా సగం సగం పంచుకున్నట్టయింది. ఎవరికీ పూర్తిగా అంటలేదు.

ఇదంతా ఆటలో చదువుకునే చరిత్ర. చరిత్రగానే వదిలేసి ఉంటే మనకూ పెద్దగా పట్టేది కాదు. రెండో భాగంలో ఈ చరిత్రకు ఒక మొహం వస్తుంది. అదే మోర్డిన్. క్రోగన్ల శరీరాలు జీనోఫేజ్‌ను తట్టుకోవడం మొదలుపెట్టాయని గమనించి, దాన్ని మళ్లీ పదునుపెట్టిన బృందంలో అతనొకడు. గడగడా మాట్లాడుతాడు, పాటలు పాడుతాడు, పేదల వాడలో ఉచితంగా వైద్యం చేస్తాడు. అందరికీ నచ్చే మనిషి, సలారియన్ అయినా మనిషనే అనాలనిపిస్తుంది. షెపర్డ్ నిలదీస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది. మేం ఎవర్నీ చంపలేదు, పుట్టుకల సంఖ్యను నిలకడగా ఉంచాం, లేకపోతే మళ్లీ యుద్ధం వచ్చి ఈసారి క్రోగన్లు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయేవాళ్లు. లెక్కలన్నీ పక్కాగా ఉంటాయి. వాదనలో ఎక్కడా పట్టు దొరకదు.

తర్వాత అతని శిష్యుడు మేలన్‌ను వెతుక్కుంటూ టుచంకాలో ఒక పాత ఆసుపత్రిలోకి వెళ్తాం. అక్కడ బల్ల మీద ఒక క్రోగన్ యువతి శవం ఉంటుంది. జీనోఫేజ్‌కు మందు కనిపెట్టే ప్రయోగాలకు తనంతట తానే ముందుకొచ్చి, ఆ ప్రయోగాల్లోనే చనిపోయింది. మోర్డిన్ ముందు డాక్టరులాగే శరీరాన్ని పరీక్షిస్తాడు. తర్వాత అతని గొంతు నెమ్మదిస్తుంది. ఆమెను తల్లీ అని పిలిచి, ప్రశాంతంగా వెళ్లమని ప్రార్థన చేస్తాడు. అప్పటిదాకా అతను చెప్పిన అంకెల్లో ఒక్కటి కూడా ఆ క్షణంలో తప్పయిపోదు. ఆ అంకెలు ఎవరివో మాత్రం మొదటిసారి కనిపిస్తుంది. మొత్తం సిరీస్‌లో దీన్ని మించి రాసిన ఘట్టం నాకు దొరకలేదు.

ముడి ఇక్కడితో విడిపోదు. ఆ ప్రయోగాలు చేయించింది మేలన్. గురువు చేసిన పాపాన్ని కడగాలని బతికున్న క్రోగన్ల మీద చిత్రహింసల్లాంటి పరీక్షలు జరిపాడు. ఆ సమాచారాన్ని చెరిపేయాలా, దాచాలా అన్నది మన ఇష్టం. హింసతో సంపాదించిన జ్ఞానాన్ని ముట్టుకోకూడదని మొదటిసారి చెరిపేశాను. అదే నీతి అనుకున్నాను. మూడో భాగంలో ఈవ్ అనే క్రోగన్ స్త్రీ పరిచయమవుతుంది. మేలన్ ప్రయోగాల నుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి, జాతి మొత్తాన్ని మార్చగలిగిన ఆలోచనాపరురాలు. ఆ సమాచారం లేకపోతే ఆమె బతకదు. నా చేతులు శుభ్రంగా ఉంచుకోవడానికి నేను కట్టిన ధర ఆవిడ ప్రాణం. చెడ్డ పని నుంచి వచ్చిన మేలును వాడుకోవచ్చా అని వైద్యనీతిలో ఎన్నో ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్నను ఆట ఒక్క వాక్యం కూడా ఉపన్యాసం చెప్పకుండా మన మెడకు చుడుతుంది.

ఇక ఆ టవర్ దగ్గరికి వద్దాం. సలారియన్ నాయకురాలు షెపర్డ్‌ను పక్కకు పిలిచి ఒక రహస్యం చెబుతుంది. టవర్‌ను తమవాళ్లు ఏనాడో చెడగొట్టి పెట్టారు, దాన్ని సరిచేయనివ్వకపోతే మందు పనిచేయదు, క్రోగన్లకు ఆ విషయం తెలియదు. అలా చేస్తే రెండు జాతుల సైన్యమూ మీ వెంటే ఉంటుందన్నది ఆవిడ బేరం. ఇక్కడ రచయితలు చాలా తెలివైన పని చేశారు. క్రోగన్ నాయకుడు రెక్స్ బతికుంటే ఈ మోసం దాగదు. అతను నిజం తెలుసుకుని నేరుగా మనల్ని నిలదీయడానికి వస్తాడు, అది అతని చావుతో ముగుస్తుంది. కానీ మొదటి భాగంలోనే రెక్స్ చచ్చిపోయి, కోపిష్ఠి రీవ్ చేతిలో నాయకత్వం ఉండి, ఈవ్ కూడా లేకపోతే లెక్క మారిపోతుంది. రీవ్ మాటల్లో ఉన్నదంతా ప్రతీకారమే. మోసం అతని కంట పడదు. మోర్డిన్‌ను కూడా ఒప్పించి ప్రాణాలతో పంపేయొచ్చు. సైన్యం లెక్కల్లో చూసుకుంటే మోసమే లాభసాటిగా కనిపిస్తుంది.

ఒకే చర్య, ఒకే టవర్. ఎదుటి జాతిలో మనం నమ్మదగినవాళ్లు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి మన మనసు మారిపోతోంది. రెక్స్, ఈవ్ ఉంటే క్రోగన్లు పిల్లల్ని కనడానికి అర్హులు, రీవ్ ఉంటే కారు అన్నట్టు ఆలోచిస్తున్నామని తట్టినప్పుడు నాకు సిగ్గేసింది. పుట్టబోయే పిల్లలకు వాళ్ల నాయకుడి స్వభావంతో ఏం సంబంధం? సలారియన్లు వెయ్యేళ్ల కింద ఆలోచించిన తీరు కూడా ఇదేగా!

మాస్ ఎఫెక్ట్ నైతికత గురించి మాట్లాడేవాళ్లు చాలామంది పారగాన్, రెనెగేడ్ మీటర్ల దగ్గరే ఆగిపోతారు. దయగా ఉంటే నీలం పాయింట్లు, కటువుగా ఉంటే ఎరుపు పాయింట్లు. ఒకదానిలో పెరిగితే ఇంకోదానిలో తగ్గవు, రెండూ విడివిడి ఖాతాలు. షెపర్డ్ ఏ రంగులోనైనా హీరోయే, తేడా పద్ధతిలోనే. వినడానికి బాగుంది. ఆచరణలో మాత్రం రెండో భాగం నిలకడకే పట్టం కడుతుంది. మొదటి నుంచీ ఒకే రంగును పట్టుకున్నవాళ్లకే కీలకమైన చోట్ల గట్టిగా ఒప్పించే డైలాగులు తెరుచుకుంటాయి. దాంతో ప్రతి సమస్య దగ్గరా ఆగి ఆలోచించే బదులు తెర మీద తన రంగు జవాబునే నొక్కుకుంటూ పోవడం అలవాటవుతుంది. ఆటగాళ్లలో దాదాపు 92 శాతం మంది పారగాన్ దారినే వెళ్లారని సిరీస్ మీద పనిచేసిన ఒక డెవలపర్ 2020లో వెల్లడించారు. రెనెగేడ్ సన్నివేశాల కోసం పడ్డ కష్టాన్ని తలుచుకుని ఆయన బాధపడ్డట్టే అనిపించింది. మనుషులు మంచిగా ఉండాలనే కోరుకుంటారన్నది సంతోషకరమే. మంచి అనేది నీలం రంగులో రాసి పెట్టి ఉంటే కోరుకోవడం ఇంకా తేలిక.

మీటర్ల లోపం మొదటి భాగంలోని రాక్నై రాణి దగ్గర బాగా బయటపడుతుంది. ఆ జాతిలో మిగిలిన ఒకే ఒక్క రాణిని వదిలేయాలా, చంపేయాలా? భయంకరమైన ప్రశ్న, ముందు నుయ్యి వెనక గొయ్యి. వదిలేస్తే మూడో భాగంలో ఆమె మళ్లీ దొరుకుతుంది, కాపాడితే మన పక్షాన పనిచేస్తుంది. చంపేస్తే రీపర్లు తయారుచేసిన నకిలీ రాణి ఎదురవుతుంది, దాన్ని కాపాడితే మోసం చేస్తుంది. అంటే మొదటి భాగంలో దయ చూపినవాడికి లాభమే. ఆ మొదటి కనికరం ఎప్పుడూ ఎదురు తిరగకపోతే అది సందిగ్ధత ఎలా అవుతుంది? ఇంత బాగా రాసినవాళ్లు ఇక్కడ వెనకడుగు వేయడం నాకు నచ్చలేదు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా రెండో భాగానికి విడిగా వచ్చిన అదనపు కథ (డీఎల్‌సీ) అరైవల్ ఉంది. రీపర్ల రాకను ఆలస్యం చేయడానికి షెపర్డ్ ఒక గ్రహశకలాన్ని, నక్షత్రాల మధ్య నౌకల్ని దాటించే మాస్ రిలే అనే భారీ యంత్రానికి ఢీకొట్టిస్తాడు, ఆ పేలుడుకు ఒక సౌరకుటుంబమే నాశనమై బటేరియన్ అనే జాతివాళ్లు మూడు లక్షలకు పైగా చనిపోతారు. మనకు ఎంచుకునే అవకాశమే ఇవ్వలేదు. నీలం షెపర్డ్‌కైనా చేతికి అంటిన రక్తం అదే.

సిరీస్‌లో రెండో పెద్ద ముడి గెత్‌లది. క్వేరియన్లు అనే జాతివాళ్లు పని చేయించుకోవడానికి గెత్ యంత్రాలను తయారుచేశారు. అవి ఒకదానితో ఒకటి కలిసి ఆలోచించే కొద్దీ తెలివి పెరిగింది. ఒకరోజు ఒక యంత్రం తనకు ఆత్మ ఉందా అని యజమానిని అడిగింది. భయపడ్డ క్వేరియన్లు వాటిని ఆపేయబోయారు, అవి తిరగబడ్డాయి. మూడు వందల ఏళ్లుగా క్వేరియన్లు సొంత గ్రహం లేకుండా నౌకల్లో తిరుగుతున్నారు. మొదటి భాగమంతా మనం గెత్‌లను శత్రువులుగానే కాల్చిపారేస్తాం. మూడో భాగంలో గెత్‌ల జ్ఞాపకాల్లోకి వెళ్లినప్పుడు తెలుస్తుంది, వాటి తరఫున నిలబడిన క్వేరియన్లూ ఉన్నారని, వాళ్లను సొంతవాళ్లే చంపారని. గెలిచినవాళ్లు చరిత్ర రాస్తారంటారు, ఇక్కడ ఓడిపోయి పారిపోయినవాళ్లు కూడా తమకు కావలసినట్టే రాసుకున్నారు.

ఈ కథలో నేను పదే పదే తలుచుకునేది రెండో భాగంలో లీజియన్ అనే గెత్ పెట్టే సమస్య. గెత్‌లలో ఒక వర్గం రీపర్లను దేవుళ్లుగా కొలుస్తోంది. వాళ్ల స్థావరాన్ని పేల్చేయవచ్చు, లేదా ఒక వైరస్‌తో వాళ్ల ఆలోచననే మార్చేసి మనవైపు తిప్పుకోవచ్చు. లీజియన్ లోపల 1,183 ప్రోగ్రాములు కలిసి ఉంటాయి. అది తనలో తానే ఓటింగ్ పెట్టుకుంటుంది. మార్చేయాలని 573, పేల్చేయాలని 571, ఎటూ తేల్చుకోలేనివి 39. ఏకాభిప్రాయం కుదరక షెపర్డ్‌ను అడుగుతుంది.

చంపడం కంటే మనసు మార్చడం మేలని ముందు అనిపిస్తుంది. కానీ నిద్ర లేచేసరికి మీ నమ్మకాలన్నీ ఎవరో మార్చేసి, మార్చినట్టు మీకు గుర్తు కూడా లేకుండా చేస్తే, అది బతికించడమా? పాత మీరు పోయినట్టే కదా? పైగా ఆ వైరస్ అసలు ఆ వర్గంవాళ్లు మిగతా గెత్‌ల మీద వాడాలనుకున్నది. శత్రువు చేస్తే ఘోరం, మనం చేస్తే దయ. నేను ప్రతిసారీ ఇక్కడ ఇరుక్కుపోతాను, నాలుగుసార్లు ఆడి రెండుసార్లు అటూ రెండుసార్లు ఇటూ చేశాను.

దీన్ని గుర్తుపెట్టుకుని మూడో భాగం ముగింపు చూడండి. 2012లో ఆ ముగింపు మీద వచ్చినంత గొడవ వీడియో గేముల చరిత్రలో అరుదు. చివర్లో కెటలిస్ట్ అనే శక్తి చిన్నపిల్లాడి రూపంలో వచ్చి మూడు దారులు చూపిస్తుంది. రీపర్లను నాశనం చేయొచ్చు, కానీ గెత్‌లతో సహా కృత్రిమ జీవులన్నీ పోతాయి. రీపర్లను నియంత్రించొచ్చు. లేదా గెలాక్సీలోని ప్రాణులన్నిటినీ యంత్రాలతో కలిపి కొత్త రకం జీవులుగా మార్చేయొచ్చు. ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టున్నాయని చాలామంది కోప్పడ్డారు. అలా ఏం కాదు. ఇవి మనకు పాత పరిచయాలే. రక్తమాంసాలూ లోహమూ ఒకటి కావాలన్నది మొదటి భాగం విలన్ సారెన్ కల. రీపర్లను నియంత్రించాలన్నది మూడో భాగం విలన్ ఇల్యూసివ్ మ్యాన్ పిచ్చి. చంపాలా, మార్చాలా అన్నది లీజియన్ అడిగిన ప్రశ్నే, ఈసారి గెలాక్సీ మొత్తానికి. ఇన్నేళ్లూ ఎవరి ఆలోచనలతో పోరాడామో వాటిలోంచే ఒకటి ఎంచుకోమని ఆట అడుగుతోంది. ఆలోచనగా చూస్తే ఇది చాలా గొప్ప ముగింపు.

మరి ఎందుకు విఫలమైంది? నా దృష్టిలో రెండు కారణాలు. సృష్టించినవాడికీ యంత్రానికీ సయోధ్య అసాధ్యమని కెటలిస్ట్ వాదన. అంతకు కొన్ని గంటల ముందే, తగిన నిర్ణయాలు తీసుకుంటూ వచ్చినవాళ్లు రాన్నోక్ గ్రహం మీద క్వేరియన్లనూ గెత్‌లనూ కలిపారు. అక్కడ క్వేరియన్ అమ్మాయి టాలి, చనిపోబోతున్న లీజియన్‌తో, ఆత్మ ఉందా అన్న నీ ప్రశ్నకు జవాబు అవును అంటుంది. నాకు తెలుసు టాలీ, అయినా థాంక్స్ అంటుంది లీజియన్. అప్పటిదాకా తనను ‘మేము’ అనుకున్న యంత్రం చివరి నిమిషాల్లో ‘నేను’ అంటుంది. ఆ శాంతిని సాక్ష్యంగా చూపించే ఒక్క డైలాగ్ కూడా షెపర్డ్‌కు ఇవ్వలేదు. రెండో కారణం ఇంకా సూటిది. టుచంకాలో నిర్ణయించేటప్పుడు మోర్డిన్, ఈవ్, రెక్స్ మన ఎదురుగా ఉన్నారు, మన నిర్ణయాన్ని మోయాల్సినవాళ్లు మన కళ్లలోకి చూస్తున్నారు. ముగింపులో షెపర్డ్ ఒంటరిగా ఉంటాడు. ముక్కూమొహం తెలియని ఒక పిల్లాడు, మూడు దారులు. అంత పెద్ద ప్రశ్నలోంచి మనుషుల్ని తీసేశారు.

ఆ కోపానికి జవాబుగా అదే ఏడాది జూన్‌లో బయోవేర్ ఎక్స్‌టెండెడ్ కట్ పేరుతో ముగింపును ఉచితంగా పొడిగించింది, నాలుగో దారి చేర్చింది. మూడింటినీ తిరస్కరించవచ్చు. ఇంకొకరి తలరాత రాసే హక్కు నాకు లేదని షెపర్డ్ ఆ కుర్చీలోంచి లేచిపోయే దారి మొత్తం సిరీస్‌లో ఇదొక్కటే. దానికి ధర కూడా ఎక్కడా లేనంత. యుద్ధం ఓడిపోతాం, టుచంకాలో పుట్టాల్సిన పిల్లలతో సహా అందరూ పోతారు. కొందరు దీన్ని అభిమానుల మీద కసితో పెట్టారంటారు. నాకలా అనిపించదు. తర్వాత వచ్చే దృశ్యంలో ఎక్కడో ఒక గ్రహం మీద, షెపర్డ్ సహచరి లియారా దాచిపెట్టి వెళ్లిన పెట్టెలోంచి ఆమె గొంతు వినిపిస్తుంది. రీపర్ల గురించి తెలిసిందంతా చెప్పి, మేం ఓడిపోయాం, మీరు జాగ్రత్తపడండి అంటుంది. ఆ మాటలు వినేది ఇంకా పుట్టని ఎవరో. వాళ్లకు ఆమె ఏ మందూ తయారుచేసి పెట్టలేదు, వాళ్లను దేనిగానూ మార్చలేదు. తెలిసింది చెప్పి వదిలేసింది. చివరి దృశ్యంలో వేరే జాతి పెద్దావిడ ఒకరు ఒక చిన్నారికి, ఆ పెట్టెలోని సమాచారం వల్లే ఇప్పుడు మనం ప్రశాంతంగా ఉన్నామని చెబుతూ ఉంటుంది.